చిన్న ఫోనులో పట్టని పేజీ రైతుకెందుకు?

ఎద్దు మెడను బట్టి కాడి చేయిస్తాం. కాడికి సరిపోయే ఎద్దు కోసం సంతంతా తిరగం. రైతుల కోసమంటూ తయారయ్యే వెబ్‌సైట్లలో చాలావాటికి మాత్రం ఈ ఇంగితం ఉండడం లేదు. పేజీని ఆఫీసులోని పెద్ద కంప్యూటరు తెరకు సరిపోయేలా కట్టేస్తారు. చిన్న ఫోను పట్టుకున్న రైతు నెట్ సెంటరుకు పోయి, పది మంది వెనక నిలబడాలి.

ఇదేమంత పెద్ద సంగతా అనుకోవద్దు. పి.ఎం. కిసాన్ కింద ఏడాదికి 6,000 రూపాయలు మూడు విడతల్లో అందాలంటే ఈ-కేవైసీ కావాలి. భూమి రికార్డు, పంటల బీమా, మార్కెట్ ధరలు... అన్నీ తెర మీదికే వచ్చాయి. ధరల పట్టికనే తీసుకోండి. మార్కెట్ పేరు, సరుకు, రకం, కనిష్ఠ ధర వరకు కనబడి, గరిష్ఠ ధర, ఎక్కువ సరుకు అమ్ముడుపోయిన ధర తెర అవతల ఉండిపోతే ఏమవుతుంది? కనిష్ఠ ధర ఒక్కటే చూసిన రైతుకు కళ్లం దగ్గరికొచ్చిన వ్యాపారి చెప్పిందే మంచి ధరలా తోస్తుంది. దరఖాస్తు అంతా నింపాక 'సమర్పించు' బటన్ కనబడకపోతే గడువు దాటిపోతుంది. అదను తప్పిన విత్తు ఎంతో, గడువు తప్పిన దరఖాస్తూ అంతే.

లోపం ఎక్కడుంది?

తెర వెడల్పును చుక్కల్లో లెక్కగడతారు. పేజీ వెడల్పు వెయ్యి చుక్కలని బిగించేస్తే కంప్యూటరులో ముచ్చటగానే ఉంటుంది. మామూలు స్మార్ట్‌ఫోనును నిలువుగా పట్టుకుంటే పేజీకి దొరికేది 360 చుక్కలకు అటూ ఇటూ. 2017లో వచ్చిన జియోఫోనుకైతే 240 చుక్కలే. పైగా 'ఫోను ఎంత వెడల్పుంటే పేజీ అంతే' అని చెప్పే ఒక చిన్న వరుసను పేజీ తలభాగంలో రాయాలి. అది రాయకపోతే బ్రౌజరు ఆ పేజీని దాదాపు 980 చుక్కల వెడల్పుదిగా లెక్కేసి కుదించి చూపిస్తుంది. అక్షరాలు ఆవగింజలయ్యేది అందుకే.

విరుగుడు లేక కాదు. వెడల్పును చుక్కల్లో బిగించకుండా నూటికి ఇంత వంతు అని రాస్తే పేజీ తెరను బట్టి సర్దుకుంటుంది. పక్కపక్కన ఉన్న గడులు చిన్న తెరలో ఒకదాని కింద ఒకటి దిగుతాయి. ఈ పద్ధతిని 2010లోనే ఈథన్ మార్కాట్ అనే అమెరికా డిజైనరు 'రెస్పాన్సివ్' అని పేరుపెట్టి వివరించాడు. తెర వెడల్పును చూసి అమరిక మార్చే సూత్రాన్ని వెబ్ ప్రమాణాలు రూపొందించే డబ్ల్యు3సి 2012లో ఖాయం చేసింది. ఇన్నేళ్లయినా తెలియదంటే కుదరదు.

బ్రౌజర్ల తేడా మరో తంటా. ఒకప్పుడు సైట్లను ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరరుకే సరిపోయేలా కట్టేవారు. ఆ బ్రౌజరుకు 2022 జూన్ 15తో తయారీదారే మంగళం పాడేశాడు. అలాంటి ఒక్క బ్రౌజరును నమ్ముకుంటే ఎప్పటికైనా ముప్పే. అందరూ ఒప్పుకున్న ప్రమాణాల ప్రకారం రాసిన పేజీ క్రోమ్‌లోనూ, ఫైర్‌ఫాక్స్‌లోనూ, ఐఫోను సఫారీలోనూ దాదాపు ఒకేలా వస్తుంది.

మన తెలుగుకు ఇంకో చిక్కుంది. ఇంగ్లీషు అక్షరాల ఎత్తుకు కట్టిన గడిలో తెలుగు పోస్తే పైన గుడులు, కింద ఒత్తులు తెగిపోతాయి. ఇంగ్లీషులో నాలుగక్షరాల మాట తెలుగులో బారెడవుతుంది. బటన్ దాటి బయటికొస్తుంది. వరుసల మధ్య ఎడం పెంచి, గడి మాటను బట్టి సాగేలా కట్టాలి. అందరికీ కనబడే యూనికోడ్ అక్షరాలే వాడాలి. ముందు ఇంగ్లీషులో కట్టేసి, చివర్లో తెలుగు అతికించే అలవాటు పోవాలి.

'యాప్ చేసి ఇస్తాం లెండి' అంటారు కొందరు. పథకానికో యాప్ అయితే రైతు ఫోనులో చోటెక్కడిది? సరిగా కట్టిన ఒక్క పేజీ ఏ ఫోనులోనైనా తెరుచుకుంటుంది. కొత్తగా దించుకునే పని లేదు.

ప్రభుత్వ వెబ్‌సైట్లు ఎలా ఉండాలో కేంద్రం 2009లోనే మార్గదర్శకాలు తెచ్చింది. 2023లో వాటి మూడో రూపం వచ్చింది. మొబైల్ ఫోనులోనూ సరిగా పనిచేయాలన్నది అందులో ఉన్న మాటే. కావాల్సింది అమలు. అందుకు మూడు పనులు చేయాలి.

ఒకటి: సైటు ప్రారంభించే ముందు చవక ఫోనులో, కనీసం రెండు బ్రౌజర్లలో, రైతు చేతనే నొక్కించి చూడాలి. ఆంధ్రలో రైతు సేవా కేంద్రాలు, తెలంగాణలో రైతు వేదికలు ఉన్నాయి. పరీక్షకు అంతకన్నా మంచి చోటు లేదు.

రెండు: ఆ పరీక్ష నెగ్గాకే కాంట్రాక్టరుకు బిల్లు చెల్లించాలి. మొలక శాతం చూడకుండా విత్తనం కొంటామా?

మూడు: పేజీ సరిగా రాకపోతే చెప్పుకోవడానికి ఫోను నంబరు ఆ పేజీలోనే పైభాగాన, పెద్ద అక్షరాల్లో ఉండాలి.

అందాకా రైతులు చేయగలిగిందీ కొంత ఉంది. కుడి అంచు తెగితే ఫోనును అడ్డంగా తిప్పి చూడండి. అప్పటికీ రాకపోతే బ్రౌజరు మూల ఉన్న మూడు చుక్కలు నొక్కి 'డెస్క్‌టాప్ సైట్' ఎంచుకోండి, లేదా వేరే బ్రౌజరులో తెరవండి. ధర చూసేటప్పుడు పట్టికను చివరిదాకా పక్కకు జరిపి చూడనిదే సరుకు తూకం వేయించవద్దు. ఇవన్నీ తాత్కాలిక ఉపాయాలే. పేజీ తెరుచుకోకపోతే మనకు చదువు తక్కువని సిగ్గుపడి ఊరుకోవద్దు. తెరపై కనిపించినదాన్ని ఫొటో తీసి, మండల వ్యవసాయ అధికారికి చూపించి, సరిచేయించమని గట్టిగా అడగండి.