పద్దు పుస్తకంతో పరదేశం

విదేశయాత్ర అనగానే మనవాళ్ళకు రెండే పద్ధతులు తెలుసును. అమెరికాలో ఉన్న కూతురో కోడలో టిక్కెట్టు పంపితే పురిటి సాయానికి వెళ్ళటం ఒకటి. నలభైమంది ఒకేరంగు టోపీలు పెట్టుకుని, వంటవాణ్ణి కూడా వెంటబెట్టుకుని, ఒక బస్సులో తిరిగి రావటం రెండవది. ఇవి రెండూ కాక, చెరొక సంచీ వీపున తగిలించుకుని, రైళ్ళలో తిరిగి, చవక బసల్లో పడుకుని, ఆకలైన చోట తిని వచ్చే పద్ధతి మరొకటున్నది. తెల్లదొరల పిల్లలు ఇరవయ్యేళ్ళ వయస్సులో చేసే ఆ పనిని, నలభై దాటిన మేమిద్దరం 2024 మే నెలలో వియత్నాంలో చేసివచ్చాం.

పెళ్ళయి ఇరవయ్యేళ్ళు నిండాయి గనక వెళుతున్నామని పదిమందికీ చెప్పాం. అసలు సంగతి వేరు. అబ్బాయి హాస్టల్లో చేరాక ఇల్లు బోసిపోయింది. భోజనాల దగ్గర ఇద్దరం ఎదురెదురుగా కూర్చుంటే కరెంటు బిల్లు తప్ప మాట్లాడుకోవటానికి మరొక విషయం దొరకటం లేదు. ఎక్కడికైనా పోదామన్నది మా ఆవిడ. వియత్నాం అన్నది నేను. దానికి కారణం తరవాత చెబుతాను.

విమానం టిక్కెట్లూ, మనిషికి 25 డాలర్ల వీసా రుసుమూ పోను చేతిలో మిగిలినవి 36,000 రూపాయలు. పన్నెండు రోజులకు పంచితే రోజుకు ఇద్దరికీ కలిపి 3,000. అంతకు మించి చిల్లిగవ్వ దాటరాదని నియమం పెట్టినవాణ్ణి నేను. ఆ నియమాన్ని అమలు జరపటానికి పద్దు పుస్తకం కొన్నవాణ్ణీ నేనే. ఈ ‘నేను’ను పాఠకులు కాస్త గుర్తుంచుకోవాలి.

మేం వెళ్ళినప్పుడు మన రూపాయికి సుమారు 300 డాంగులు. అంటే మా దినబత్తెం 9 లక్షలు! హనోయిలో దిగిన పూటే లక్షాధికారినయ్యానన్న గర్వం తలకెక్కింది. ఆ దేశంలో 20,000 నోటూ నీలమే, 5 లక్షల నోటూ నీలమే. కాఫీ దుకాణంలో ఇరవైవేలనుకుని పెద్ద నోటే ఇవ్వబోయాను. మా ఆవిడ చప్పున నా చెయ్యి పట్టుకున్నది. ఆ క్షణానే డబ్బు ఆమె చేతికిచ్చి ఉంటే ఈ కథ ఇక్కడితో ముగిసిపోయేది.

శాకాహారులకు ఇబ్బంది లేదా అని మీరడుగుతారు. వాళ్ళ భాషను రోమన్ లిపిలో రాస్తారు. ఒక సందులో బోర్డుమీద ‘చాయ్’ అని కూడబలుక్కుని, టీ దొరుకుతుందని లోపలికి దూరాను. అన్నమూ, సోయాపాల జున్ను వేపుడూ, ఆకుకూర పులుసూ తెచ్చి ముందు పెట్టారు. వాళ్ళ చాయ్‌కి అర్థం శాకాహారమట! చాంద్రమాసంలో ఒకటవ నాడూ, పదిహేనవ నాడూ అక్కడి బౌద్ధుల్లో చాలామంది మాంసం ముట్టరు. ఆ పుణ్యమా అని ఏ ఊళ్ళోనైనా ఒక చాయ్ భోజనశాల తగులుతుంది. మిగతాచోట్ల మాత్రం జాగ్రత్త. చేపల ఊట లేని వంటకం తక్కువ. మా ఆవిడ సంచీలో మోసుకొచ్చిన కందిపొడి నాలుగు రోజులు మా ప్రాణం నిలిపింది.

హనోయి నుంచి హ్యూకు 688 కిలోమీటర్లు, రాత్రంతా రైలు ప్రయాణం. పడక టిక్కెట్టుకూ కుర్చీ టిక్కెట్టుకూ ఆనాడు తేడా మనిషికి సుమారు వెయ్యి రూపాయలు. “కుర్చీలు మెత్తగానే ఉంటాయట” అన్నాను. ఆమె ఏమీ అనలేదు. తెల్లవార్లూ దీపాలు ఆర్పలేదు. పొద్దున్న హ్యూలో దిగేసరికి ఆమె మోకాళ్ళు రెండూ వాచి ఉన్నాయి. బస రెండు కిలోమీటర్లే గదా అని నడిపించాను. పుస్తకంలో “ఆదా: 2,000” అని రాసి కింద గీత కూడా గీశాను.

1802 నుంచి 1945 వరకు వియత్నాం రాజధాని హ్యూ. కోట చూడటానికి మనిషికి 2 లక్షల డాంగులు పోసి మధ్యాహ్నమంతా ఎండలో తిరిగాం. సాయంత్రం నది ఒడ్డున కూర్చున్నాం. పడవలవాళ్ళు పిలుస్తున్నారు. “ఎక్కుదామా?” అన్నాను. “వద్దులెండి” అన్నది. నాకు హాయిగానే ఉన్నది. అప్పుడు ఆమె, “ఏమండీ, ఆ పుస్తకం ఒకసారి ఇలా ఇవ్వండి” అని తీసుకుని మొదటినుంచీ చదివింది.

“ఇందులో ఆదా అని రాసినవన్నీ ఎవరివండీ?” అన్నది.

“మనవే.”

“కాదు, నావి. పడక వద్దన్నారు, మోకాళ్ళు నావి. ఆటో వద్దన్నారు, నడిచింది నేను. మీరు కాఫీ తాగుతుంటే నాకొద్దని రెండు గుటకలు మీ గ్లాసులోనివే తాగాను. అది మూడుచోట్ల ఆదాకింద రాశారు. రేపు వెళ్ళే ఆ పాతగుళ్ళ టిక్కెట్టు మాత్రం ముందే ‘అత్యవసరం’ అని రాసి ఉంచారు. పడవ వద్దని ఎందుకన్నానో తెలుసా? ఎక్కుదామని మీరు నా మొహం చూసి అడగలేదు, పుస్తకం చూసి అడిగారు.”

నేను ఛందస్సు చెప్పే మనిషిని. ఎక్కడ యతి తప్పిందో పట్టుకోవటం నా వృత్తి. ఆ లెక్కలో నాకు ఒక్క తప్పూ దొరకలేదు. ఇరవయ్యేళ్ళుగా ఇంటిఖర్చు ఆమె చేతులమీదుగానే సాగుతున్నది. కాని పెట్టిన ప్రతి రూపాయికీ సాయంత్రం నాకు లెక్క చెబుతుంది. నేనేనాడూ ఆమెకు చెప్పలేదు. చెప్పాలని తోచనూ లేదు.

ఆ రాత్రి మిగిలిన 20,400 రూపాయలను చెరిసగం పంచుకున్నాం. గది అద్దె ఉమ్మడి, తక్కినది ఎవరిది వారిది. ఆమె షరతు ఒకటే: “నా సంచీ లెక్క మీ పుస్తకంలో ఎక్కకూడదు.”

హ్యూ నుంచి దనాంగ్‌కు వెళ్ళే రైలు హై వాన్ కనుమ మీదుగా పోతుంది. దక్షిణానికి పోయేటప్పుడు ఎడమవైపు కూర్చోవాలి. కొండ అంచున రైలు మెల్లగా వంపులు తిరుగుతుంటే అడుగున సముద్రం. 2005లో రోడ్డుకు సొరంగం తవ్వారు గాని, రైలు ఆ పాత దారినే పోతున్నది. అంత అందం చూస్తూ ఇద్దరం ఒక్కమాటా మాట్లాడుకోలేదు.

హోయ్ ఆన్ అనే పాత రేవుపట్నంలో దిగాం. వియత్నాం ఎందుకన్నానో ఇప్పుడు చెబుతాను. ఆ ఊరికి నలభై కిలోమీటర్లలో మీ సన్ అనే లోయలో చంపారాజులు కట్టిన శివాలయాలున్నాయి. నాలుగో శతాబ్దిలో భద్రవర్మ తన పేరు కలిపి భద్రేశ్వరుణ్ణి ప్రతిష్ఠించిన చోటు అది. ఆ ప్రాంతానికి, అంటే 2025 జూలైలో దనాంగ్‌లో కలిపివేసిన క్వాంగ్ నామ్‌కు, చంపారాజ్యంలో పేరేమిటో తెలుసునా? అమరావతి! మన కృష్ణ ఒడ్డున ఉన్న ఊరిపేరే. తరగతిలో ఈ మాట ఎన్నోసార్లు చెప్పాను. ఒక్కసారి ఆ నేలమీద నిలబడాలని కోరిక.

పొద్దున్నే తయారయ్యాను. ఆమె లేవలేదు. “మీరు వెళ్ళిరండి. నేను సైకిలు అద్దెకు తీసుకుంటాను” అన్నది. డిగ్రీ చదివే రోజుల్లో తొక్కిందట. నాకు తెలియదు. నాకు సైకిలు రాదన్న సంగతి ఆమెకు బాగా తెలుసు.

మీ సన్‌లో ఎర్రటి ఇటుక గుళ్ళు. ఇటుకకూ ఇటుకకూ మధ్య అతుకు కనబడదు. సంస్కృత శాసనాల రాళ్ళున్నాయి. 1969 ఆగస్టులో అమెరికా బాంబులకు అన్నిటికన్న గొప్ప గోపురం కూలిపోయింది. బాంబులు పడిన గుంతల్లో గడ్డి మొలిచింది. మన పురావస్తుశాఖవారు కొన్ని గుళ్ళను బాగుచేస్తుండగా 2020లో ఇసుకరాతి శివలింగం బయటపడింది. చెప్పటానికి నాకు ఎన్నో మాటలున్నాయి. పక్కకు తిరిగి, “ఇదిగో చూడు, అమరావతి” అనబోయాను. పక్కన ఒక జర్మన్ ముసలాయన నీళ్ళు తాగుతున్నాడు. అంతదూరం వచ్చి ఆ మాట చెప్పుకునే మనిషి లేక, గంట ముందే బస్సెక్కి వచ్చేశాను.

సాయంత్రం ఆమె వచ్చింది. మొహం ఎండకు కమిలింది, మోచేయి గీసుకుపోయింది. పడిందట. అడగకుండానే చెప్పసాగింది. ట్రా క్వే అనే కూరగాయల పల్లెకు వెళ్ళిందట. మడులన్నీ పుదీనా, తులసి, కొత్తిమీర. నదిలోని నాచు తీసి ఎరువుగా వేస్తారట. ఒక ముసలమ్మ చేతిలో పార పెట్టి మడి చేయించిందట. ఇద్దరికీ ఒక్క భాషా కలవదు, అయినా గంటసేపు మాట్లాడుకున్నారట. అరగంట చెప్పింది. నేను గుడి సంగతి ఎత్తలేదు. చివరకు ఆమే, “మీ అమరావతి ఎలా ఉంది?” అన్నది. రాత్రి పదకొండు దాకా చెప్పాను. కరెంటు బిల్లు ప్రసక్తి రాలేదు.

దనాంగ్ నుంచి హనోయికి తిరుగు ప్రయాణం మళ్ళీ రాత్రి రైలే. టిక్కెట్ల గది దగ్గర ఆమె నిబ్బరంగా తన సంచీలోంచి డబ్బు తీసి కింది పడక కొనుక్కున్నది. నేను సంచీ తడుముకున్నాను. మ్యూజియంలో చంప శిల్పాలమీద ఒక లావుపాటి పుస్తకం కొన్నాను. ఆ సంగతి పద్దులో రాయలేదు. పడకకు 1,300 రూపాయలు తక్కువైంది.

“కుర్చీలు మెత్తగానే ఉంటాయట” అన్నది మా ఆవిడ.

ఒక నిమిషం నిలబెట్టి, ఆనక ఇచ్చింది. అన్నిటికన్న పై పడక దొరికింది. కింద ఆమె గుర్రుపెట్టి నిద్రపోతుంటే, నేను పైన సెల్‌ఫోను వెలుగులో పద్దు పుస్తకం తెరిచి, “బాకీ: 1,300” అని రాసుకున్నాను. ఇప్పటికీ తీర్చలేదు. అడిగితే, “ఉండనివ్వండి, మళ్ళీ వెళ్ళేటప్పుడు చూసుకుందాం” అంటున్నది.