చలికాలం బండి ప్రయాణం: తెల్లవారే దాకా ఆగలేమా?

మన హాస్టల్లో చదివి వెళ్లిన వాళ్లలో ఇప్పుడు చాలామందికి బండి ఉంది. అప్పుచేసి కొన్నదో, సెకండ్ హ్యాండ్‌దో, బావను అడిగి తెచ్చుకున్నదో, ఏదో ఒకటి. పండుగ సెలవులకు ఎర్రబస్సు కోసం గంటలు గంటలు నిలబడ్డ మేము ఇప్పుడు కిక్కు కొట్టి బయలుదేరుతున్నాం. సంతోషమే. కానీ నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా మన ఆదిలాబాద్ ప్రాంతంలో తెల్లవారుజామున మూడు, నాలుగు గంటలకు బండి తీయడం గురించి మాత్రం మాట్లాడక తప్పదు.

ఆ వేళకు రోడ్డెక్కేది షికారుకు పోయేవాళ్లు కాదు మిత్రులారా! పొద్దున్నే గ్రౌండులో ఉండాల్సిన కానిస్టేబుల్ అభ్యర్థులు, జిల్లా కేంద్రంలో పరీక్ష రాయాల్సిన మనలాంటి వాళ్లు. 2022లో పోలీసు దేహదారుఢ్య పరీక్షలు వచ్చింది కూడా డిసెంబరు చలిలోనే. నిమిషం ఆలస్యమైతే గేటు మూస్తారన్న భయం ఒకవైపు, లాడ్జి గదికి డబ్బుల్లేని స్థితి ఇంకొకవైపు. అందుకే ఒక్క బండి, ముగ్గురు మనుషులు, మెడకు మఫ్లరు, హెల్మెట్ ఇంట్లో చిలక్కొయ్యకు!

పడ్డాక ఊళ్లో ఏమంటారు? పొగమంచు అంటారు, తలరాత అంటారు. మేము ఒప్పుకోం. 10 డిగ్రీల చలిలో గంటకు 60 కిలోమీటర్ల వేగంతో పోతే ఒంటికి తగిలేది 5 డిగ్రీల చలితో సమానం. పది నిమిషాలకే వేళ్లు కొయ్యబారిపోతాయి. ఆ వేగంలో బండి సెకనుకు పదహారు మీటర్లకు పైగా పోతుంది. బ్రేకు మీద వేలు అర సెకను ఆలస్యంగా పడితే చాలు, ఎనిమిది మీటర్లు అదనం. అదే కాలంలో మన రోడ్ల మీద ఏముంటాయో మనకు తెలియనిదా? సగం రోడ్డు దాకా ఆరబోసిన వడ్లు, వాటి అంచున పెద్ద పెద్ద రాళ్లు, మీద నల్ల టార్పాలిన్. వెనక లైటు లేని పత్తి ట్రాక్టరు. కెరమెరి ఘాట్ మలుపుల్లో మంచుకు తడిసిన ఆకులు. (వడ్లు ఆరబోసేది మన బాపులే, కల్లాలు లేక. వాళ్లను తిట్టి లాభం లేదు. కనీసం ఆ రాళ్లకు సున్నం పూయమని చెప్పగలం కదా.)

చేతులకు గ్లౌజులు, చొక్కా లోపల ఛాతీకి అడ్డంగా నాలుగు మడతల దినపత్రిక. ఇది పాత చిట్కా, బాగా పనిచేస్తుంది. మంకీ టోపీ మీద హెల్మెట్ బిగుతుగా కూర్చోదు. టోపీ తీసేసి హెల్మెట్ పట్టీ పెట్టుకోవడమే మేలు. పొగమంచులో లైటు డిమ్‌లోనే ఉండాలి, అప్పర్ కొడితే ఎదురుగా తెల్ల గోడే కనబడుతుంది. మోటారు వాహనాల చట్టం 128వ సెక్షన్ వెనక ఒక్కరినే కూర్చోనిస్తుంది. 129వ సెక్షన్ ఇద్దరికీ హెల్మెట్ ఉండాలంటుంది. చెక్‌పోస్టు దగ్గర పెట్టుకుని, దాటగానే ట్యాంకు మీద పెట్టుకునే తెలివి మనవాళ్లకు ఎక్కడినుంచి వచ్చిందో!

మాలో చాలామంది ఇంటికి మొదటి డిగ్రీ మేమే. మాలో ఒకడు మంచాన పడితే పోయేది ఒక ఉద్యోగం కాదు, వెనక చదువుతున్న చెల్లెలి ఫీజు, ఇంటి అప్పు తీరే దారి.

అయితే 'ముందురోజు సాయంత్రమే వెళ్లండి' అని చెప్పడం తేలిక. ఎక్కడ పడుకోవాలి? అందుకే పూర్వ విద్యార్థులుగా వార్డెన్ గారిని, సంక్షేమ శాఖ అధికారులను మేము కోరేది ఇదే. పరీక్షలున్న ముందు రాత్రి జిల్లా కేంద్రంలోని హాస్టళ్లలో పాత విద్యార్థులకు హాలులో చోటివ్వండి. హాల్ టికెట్ చూపిస్తాం, రిజిస్టరులో సంతకం పెడతాం. బాలికల హాస్టళ్లలో మా అక్కచెల్లెళ్లకూ ఇదే ఏర్పాటు కావాలి. అన్నం అడగం, దుప్పట్లు మేమే తెచ్చుకుంటాం. వాచ్‌మన్ అన్న ఐదింటికి లేపితే చాలు.