కాగితం ఖర్చు లేని పుస్తకం

గత సంచికలో మా పెరటి దోసపాదు గురించి రాస్తే చాలామంది విత్తనాలు అడిగారు. ఈసారి అడిగి పుచ్చుకోవడానికి ఏమీ లేదు. ఇది నేను డబ్బు పోగొట్టుకున్న వైనం. పిల్లలు కూడా చదవచ్చు, లెక్కలున్నాయి.

తెనాలిలో ఉన్న మా అమ్మ ప్రతి ఆదివారం ఫోన్లో మా పిల్లలకి కథలు చెబుతుంది. వాటిలో పన్నెండు ఏరి, ఇక్కడి పిల్లల కోసం ఇంగ్లీషులో రాసి, బొమ్మలతో ఈ-పుస్తకం వేద్దామనుకున్నాను. "కాగితం లేదు, ప్రెస్సు లేదు, పైసా ఖర్చు లేదు, ఆలోచిస్తావేం?" అన్నారు స్నేహితులు. అమెజాన్ వాళ్ళు 2007లో కిండిల్ తెచ్చిన నాటినుంచీ ఎవరి పుస్తకం వాళ్ళే అమ్మకానికి పెట్టుకునే వీలుంది, దానికి రుసుమూ లేదు. నిజమే. కానీ కల్యాణమండపానికి అద్దె లేదన్నంత మాత్రాన పెళ్ళి ఊరికే అయిపోతుందా?

ముందు బొమ్మలు. ఇంటర్నెట్లో ఒక చిత్రకారుణ్ణి పట్టుకున్నాను. బొమ్మకి 40 డాలర్లు, పన్నెండు బొమ్మలు, సగం అడ్వాన్సు. అంటే 240 డాలర్లు. మొదటి బొమ్మ వచ్చింది. ఆవకాయ జాడీలో గులాబీలున్నాయి! తప్పు అతనిది కాదు, జాడీ అంటే ఏమిటో నేను చెప్పలేదు. రెండో బొమ్మలో మా అమ్మమ్మ పొట్టి జుట్టుతో, చేతిలో కాఫీ మగ్గుతో ప్రత్యక్షమైంది. అక్కడితో ఆపేశాను, అడ్వాన్సు మాత్రం తిరిగి రాలేదు. చివరికి పదకొండో తరగతి చదువుతున్న మా అమ్మాయే పన్నెండూ వేసింది. ఫీజు కింద ఆర్నెల్లపాటు కారు నడపడం నేర్పాను. దాని ఖరీదు ఈ లెక్కలో వెయ్యలేదు.

తరవాత ఎడిటర్. మాటకి 2 సెంట్ల చొప్పున పద్ధెనిమిది వేల మాటలకి 360 డాలర్లు. మొత్తం ఖర్చులో నేను బాధపడనిది ఇదొక్కటే. ఆవిడ తెలుగావిడ కాదు. "ఈ కథలో పిన్ని ఎవరు? మూడో పేజీలో అమ్మ అంది, ఆరో పేజీలో పిన్ని అంది, ఒక మనిషేనా?" అని మార్జిన్లో రాసింది. మన పిల్లలకీ అదే అనుమానం వస్తుంది కదా! అట్టకి 150. కాపీరైటు రిజిస్ట్రేషన్‌కి 45.

ఐఎస్‌బీఎన్ సంగతి చెబితే మీరు నవ్వుతారు. పుస్తకం అన్నాక ఆ నంబరు లేకపోతే ఎలాగని, 125 డాలర్లు పెట్టి ఒకటి కొన్నాను. కొన్నాక తెలిసింది, అమెజాన్‌లో ఈ-పుస్తకానికి ఆ నంబరే అక్కర్లేదని, వాళ్ళ నంబరు వాళ్ళే వేసుకుంటారని. ఇంకో సంగతీ తెలిసింది. ఇండియాలో అదే నంబరు ప్రభుత్వ సంస్థ ఉచితంగా ఇస్తుంది. మా ఆవిడకి ఈ రెండో సంగతి ఇంకా చెప్పలేదు, ఈ సంచికలోనే చదువుతుంది.

ఇక రాబడి. ధర 2.99 పెట్టాను. ఆ ధరనుంచి 9.99 దాకా రచయితకి 70 శాతం ఇస్తామంటారు, అంటే 2 డాలర్లు దాటుతుందని సంబరపడ్డాను. మొదటి అమ్మకానికి 83 సెంట్లు పడింది. ఇదెక్కడి 70 శాతం? మా అమ్మాయి నిబంధనలు చదివి చెప్పింది. 70 శాతం పద్ధతిలో ఫైలు పంపే ఖర్చని మెగాబైటుకి 15 సెంట్లు ముందే తీసేస్తారు. మా ఫైలు 12 మెగాబైట్లు, అంటే 1.80 పోయింది. మిగిలిన 1.19లో 70 శాతం నాది. పంపే ఖర్చు లేని 35 శాతం పద్ధతిలో ఉన్నా 1.05 వచ్చేది! ఆ పిల్ల ఒక శనివారం కూర్చుని బొమ్మల సైజు తగ్గించి ఫైలుని 2 మెగాబైట్లకి దించింది. రాబడి పుస్తకానికి 1.88 అయింది. ఆ పాటికి 26 కాపీలు 83 సెంట్ల లెక్కనే వెళ్ళిపోయాయి.

చందాదారులు చదివిన పేజీలకి డబ్బిచ్చే పథకం ఒకటుంది. పేజీకి అర సెంటు కూడా పడదు, పైగా 90 రోజులు ఆ ఈ-పుస్తకం ఇంకెక్కడా పెట్టకూడదు. చేరలేదు. ప్రకటనలకి మాత్రం 100 డాలర్లు పెట్టాను. క్లిక్కుకి 45 సెంట్లు, 222 క్లిక్కులు, 4 అమ్మకాలు.

ఏడాది తిరిగేసరికి అమ్మినవి 41. ఖర్చు 1,020 డాలర్లు, వచ్చింది 50. ఆ 50కి ట్యాక్సు కాగితం కూడా వచ్చింది! 10 డాలర్ల రాయల్టీ దాటితే వస్తుంది. ఇది వ్యాపారం కాదు, సరదా అనుకున్నారో, రాబడికి పన్ను కట్టాలి, ఖర్చు మినహాయించరు.

ఆ 41 మందిలో 31 మంది పేర్లు నేను చెప్పగలను, అందరూ మన వాళ్ళే. ఉగాది సంబరాల్లో కనిపించిన వాళ్ళందరూ "చాలా మంచి పని చేశారు" అని భుజం తట్టి, "పీడీఎఫ్ ఉంటే పంపుదురూ" అన్నారు. పార్కింగుకి పది డాలర్లు కట్టి వచ్చిన వాళ్ళే. మొహమాటపడి ఇద్దరికి పంపాను. మూడు వారాల తరవాత అది మా బంధువుల వాట్సాప్ గ్రూపులోకి, "పిల్లలకి చదివించండి, ఎవరు రాశారో గానీ బాగుంది" అన్న మాటతో నాకే వచ్చింది. అట్ట మీద నా పేరుంది మహాప్రభో!

ఒకరాత్రి ఈ లెక్కంతా చూసి మా ఆవిడ ఒక్కటే అంది. "ఈ డబ్బుకి మీరు ఒకసారి వెళ్ళి అత్తయ్యగారిని చూసి వచ్చేవారు." నిజం. బడ్జెట్ చాలదని ఆ వేసవి ప్రయాణం వాయిదా వేసింది నేనే. అమ్మకి 82 ఏళ్ళు.

పైగా ఆవిడ కథలు ఆవిడే చదవలేదు, ఇంగ్లీషు రాదు. తెలుగులో వెయ్యాలంటే ఇంకో అవస్థ. తెనాలిలో డీటీపీ చేయించిన ప్రతి అను ఫాంట్లలో ఉంది. దాన్ని యూనికోడ్‌లోకి మారిస్తే వత్తులు చెట్టుకొకటి, పుట్టకొకటి అయ్యాయి. వాటిని ఏరడానికి రాత్రిపూట మూడు నెలలు పట్టింది. పెట్టేందుకు చోటూ కావాలి. 2016 డిసెంబరులో అమెజాన్ కిండిల్‌లోకి అయిదు భారతీయ భాషలు తెచ్చింది: హిందీ, తమిళం, మరాఠీ, గుజరాతీ, మలయాళం. మనది అందులో లేదు.

ఇంకో 400 ప్రకటనలకి పెట్టాలా అని తర్జనభర్జన పడి, పెట్టలేదు. ఆ డబ్బు టిక్కెట్టులో కలిపి చలికాలంలో తెనాలి వెళ్ళాను. తెలుగు ప్రతిని పెద్ద అక్షరాల్లో అక్కడే ప్రింటు తీయించి, స్పైరల్ బైండింగ్ చేయించాను. 310 రూపాయలైంది.

అమ్మ నాలుగు రోజులు మంచం మీద కూర్చుని చదివింది. నేను ఏరిన తరవాత కూడా మిగిలిన పందొమ్మిది తప్పులకి పెన్సిలుతో సున్నాలు చుట్టింది. చివరి పేజీ అయ్యాక పుస్తకం వెనక్కి తిప్పి చూసి,

"ధర వెయ్యలేదేమిరా?" అంది.

"ఎంత వెయ్యమంటావమ్మా?"

కాస్సేపు ఆలోచించింది. "వంద వెయ్యి. మన వాళ్ళకి మాత్రం ఊరికే ఇచ్చెయ్యి."