కాంటెస్సాకి లేని కండలు

మురమళ్ల వైపు ఓ కొబ్బరితోట షెడ్డులో ఎర్ర కాంటెస్సా ఒకటి అమ్మకానికుంది. అది ‘మన దేశపు మజిల్ కారు’ అని మా ఐ.పోలవరం కుర్రాళ్ల మాట. పైగా ‘ఆయ్, ఒరిజినలండి’ అంటూ అమ్మేవారు కొత్త కారు ధర చెబుతున్నారు.

మొదటి మాట తేలిగ్గానే తేలిపోతుంది. మజిల్ కారన్న పేరు 1964 నాటి అమెరికా పాంటియాక్ జీటీవో లాంటివాటికి చెల్లింది. మధ్యరకం కారులో 6.4 లీటర్ల వీ8 ఇంజను దించారు, 325 హార్స్‌పవర్. మన కాంటెస్సా ఇంగ్లండు వాక్స్‌హాల్ విక్టర్ అచ్చులో బెంగాల్ ఉత్తర్‌పారాలో తయారైంది. 1984లో వచ్చినప్పుడు దాని లోపలున్నది అంబాసిడర్ వంశపు 1,489 సీసీ ఇంజను. బలం 50 హార్స్‌పవర్ దరిదాపు. పొడుగు బానెట్ చూసి కండలనుకుంటే ఎలా? తర్వాతి 1.8 లీటర్ల ఇసుజు ఇంజనుది మంచి బండే, కాదనను. దాని గొప్పతనం వెనక సీటు సుఖంలో ఉంది.

అసలు పేచీ ‘ఒరిజినల్’తోనే. మనది ఉప్పుగాలి. తలుపుల అడుగు, డిక్కీ నేల, చక్రాల పైరేకు ముందు తినేస్తుంది. 1996 నవంబరు తుపాను నీళ్లలో నానిన బండయితే ఇక చెప్పక్కర్లేదు. రంగు చూడకండి, గుడ్డ చుట్టిన అయస్కాంతం పట్టుకెళ్లండి. లప్పం దట్టించినచోట అది అంటదు. నేను పెడితే రెండు తలుపుల అడుగునా జారిపోయింది. ‘మీ అయస్కాంతం పాతదండి’ అన్నారు!

బానెట్ ఎత్తితే ఇంకో కథ. ఆర్సీలో పెట్రోలు, లోపల ఏదో వ్యాను డీజిల్ ఇంజను. అలా మార్చాలంటే అనుమతి తీసుకుని ఆర్సీలో ఎక్కించుకోవాలని 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను చెబుతోంది. అదేం చెయ్యకుండా, రేపో మాపో వింటేజ్ నంబరు వచ్చేస్తుందని ఆశ పెడుతున్నారు. 2021 నిబంధన ప్రకారం మొదటి రిజిస్ట్రేషనుకి 50 ఏళ్లు దాటాలి. ఛాసిస్, బాడీ, ఇంజను పెద్ద మార్పులకి లోనుకాకూడదు. అంటే ఏ కాంటెస్సాకైనా 2034 దాకా ఆ ఊసే లేదు, దీనికి అప్పుడూ లేదు.

మార్పు తప్పని నా వాదన కాదు. ఆ ఇంజను కూర్చోబెట్టిన మేస్త్రి పనితనం నాకూ నచ్చింది. దాని కూలి అడగండి, న్యాయం. మార్చిన ఖర్చూ, మార్చని బండి విలువా రెండూ కలిపి అడగడం ఒకే కాయని బొండాంగా ఓసారి, కురిడీగా ఓసారి అమ్మడమే. నన్నడిగితే రంగు వెలిసినా, సీట్లు చిరిగినా, ఆర్సీలో నంబరున్న ఇంజనుతో మూలన పడున్న కాంటెస్సాకే ఎక్కువిస్తాను. సీట్లు కుట్టించుకోవచ్చు.

ఇంతకీ ఈ ఎర్రబండి సొంత ఇంజను ఏమైందని అడిగాను. పాత ఇనుముకి తూకానికి వేసేశారట.