బెంగళూరు నీళ్లు, మడకశిర గూళ్లు

చిన్న పట్టణాలు ఆర్థికంగా నిలదొక్కుకోలేవనీ, డబ్బు పెడితే మహానగరాల్లోనే పెట్టాలనీ అనేవాళ్లు ఖర్చుల చిట్టాను ఒకవైపే రాస్తారు. శ్రీశైలం నీటిని ఎత్తిపోసి హంద్రీ-నీవా కాలువతో శ్రీ సత్యసాయి జిల్లాలోని మడకశిర దాకా తెస్తే అది ఖజానాకు భారం. కావేరిని దాదాపు వంద కిలోమీటర్ల దూరం నుంచి బెంగళూరుకు ఎత్తిపోస్తే మాత్రం పెట్టుబడి! 2024 వేసవిలో ఆ నగరంలో సుమారు 14 వేల ప్రభుత్వ బోర్లలో సగం దాకా ఎండిపోయాయి. అదే ఏడాది అక్టోబరులో రోజుకు 77.5 కోట్ల లీటర్లు అందించే కావేరి నీటి పథకం ఐదో దశ మొదలైంది. కరువు సీమ నుంచి వలసపోయిన కూలీ అక్కడ కట్టే గది అద్దె, కొనే ట్యాంకరు నీళ్లు నగర ఉత్పాదకత లెక్కల్లో ఎక్కడా కనిపించవు.

సంస్థలన్నీ ఒకచోట చేరితేనే పనితనం, జీతం పెరుగుతాయన్న వాదనను కొట్టిపారేయలేం. సాఫ్ట్‌వేర్‌కు అది నిజం. మడకశిరకు ఐటీ పార్కు కావాలనడం ఎన్నికల మాటే. పట్టు సంగతి వేరు. ఇక్కడి మల్బరీ రైతుల పట్టు గూళ్లు హిందూపురం మార్కెట్‌కో, ధర బాగుంటే కర్ణాటకలోని రామనగరకో వెళతాయి. చీర నేసే ధర్మవరం ఇదే శ్రీ సత్యసాయి జిల్లాలో ఉంది. గూడూ మనదే, మగ్గమూ మనదే. నడుమ దారం తీసే పని, దాని కూలి, లాభం చాలావరకు సరిహద్దు దాటుతున్నాయి. రైతు రామనగర దాకా పోవడానికి కారణం ఉంది: గూళ్లు నిల్వ ఉండవు, వేలంలో దారం తీసే రీలర్లు ఎంతమంది ఉంటే ధర అంత పెరుగుతుంది. కాబట్టి మడకశిరలో ఒంటరిగా ఒక రీలింగ్ యూనిట్ పెట్టి రిబ్బన్ కత్తిరిస్తే లాభం లేదు. గూళ్లు కొనడానికి రీలర్లకు చేతిలో డబ్బుండేలా బ్యాంకు రుణాలు, గూళ్లు ఆరబెట్టే డ్రయ్యర్లు, హిందూపురం మార్కెట్‌ను ఆనుకుని పదుల సంఖ్యలో యూనిట్లు కావాలి.

ఈ కరువు నేలకు పరిశ్రమ ఎవరు తెస్తారని అడగొచ్చు. 2017లో ఒప్పందం కుదిరిన కార్ల కంపెనీ కియా 2019లో ఇదే జిల్లాలోని పెనుకొండ దగ్గర తయారీ మొదలుపెట్టింది. అప్పటికి వర్షపాతమేమీ మారలేదు. ప్రభుత్వం భూమి చూపించింది, గొల్లపల్లి జలాశయం నీళ్లిచ్చింది, జాతీయ రహదారి పక్కనే ఉంది. అయితే ప్రతి తాలూకాకూ ఒక కియా రాదు, అవసరమూ లేదు. రాయదుర్గం–తుమకూరు రైలు మార్గం మడకశిర మీదుగా సిద్ధమయ్యేలోపే ఈ రీలింగ్ పని కుదురుకోవాలి. లేకపోతే గూళ్లూ, కూలీలూ ఇప్పటికంటే చవకగా, వేగంగా కర్ణాటకకు తరలిపోతారు; ఆ రైలు ఖర్చును మాత్రం మడకశిర అభివృద్ధి పద్దులోనే రాస్తారు.