కూలింది సెట్టింగ్సే, సిస్టమ్ కాదు

లైనక్స్ ల్యాప్‌టాప్ వాడేవాళ్లకి ఈ తిప్పలు తెలిసే ఉంటాయి. సెట్టింగ్స్ నొక్కుతారు. విండో ఒక్క క్షణం కనిపించి మాయమైపోతుంది. మళ్లీ నొక్కినా అంతే. ఎర్రర్ మెసేజ్ కూడా రాదు.

ప్రజ్ఞాపూర్‌లో ఉండే మా బాబాయి కొడుకు మొన్న ఇదే బాధతో ఫోన్ చేశాడు. "అన్నా, సెట్టింగ్స్ ఓపెన్ అయితలేదు. మా దోస్తులేమో ఫార్మాట్ కొట్టమంటున్నరు. ఫైనలియర్ ప్రాజెక్టంతా ఇండ్లనే ఉంది."

"ఆగు తమ్మీ, ముందుగాల ప్రాజెక్టు పెన్‌డ్రైవ్‌ల కాపీ కొట్టుకో. తర్వాత చూద్దాం" అన్నాను.

మీకూ అదే చెప్తా. సెట్టింగ్స్ విండో అంటే సిస్టమ్ కాదు, దానికి రిమోట్ లాంటిది. రిమోట్ పనిచేయకపోతే టీవీ మార్చేయం కదా! ఉబుంటు, ఫెడోరాల్లో మామూలుగా కనిపించేది జీనోమ్ సెట్టింగ్స్. వైఫైని నడిపేది మాత్రం వెనకాల ఉండే నెట్‌వర్క్ మేనేజర్. అందుకే సెట్టింగ్స్ కూలినా నెట్ ఆగదు.

మొదటి పని: ఐకాన్ నొక్కకుండా టెర్మినల్ నుంచి తెరవండి. జీనోమ్, కంట్రోల్, సెంటర్ అనే మూడు మాటల్ని ఇంగ్లిష్ చిన్న అక్షరాల్లో, మధ్యలో హైఫన్లు పెట్టి టైప్ చేసి ఎంటర్ కొట్టండి. కూలే ముందు అది చెప్పే మాటలు అక్కడే కనిపిస్తాయి. 'సెగ్మెంటేషన్ ఫాల్ట్' అని వస్తే కంగారొద్దు. ఆ ప్రోగ్రామ్ తనది కాని మెమరీని ముట్టుకోబోయింది, కెర్నల్ దాన్ని ఆపేసింది. అంటే సిస్టమ్ తన డ్యూటీ తాను చేస్తోందన్నమాట.

రెండోది: ఈ విండో మీరు చివరిసారి చూసిన పేజీని గుర్తుపెట్టుకుంటుంది. ఆ పేజీలోనే లోపం ఉంటే, తెరిచిన ప్రతిసారీ నేరుగా అక్కడికే వెళ్లి పడిపోతుంది. కాబట్టి అదే కమాండ్ తర్వాత స్పేస్ ఇచ్చి, ఇంగ్లిష్‌లో 'సౌండ్' అని చేర్చి చూడండి. తెరుచుకుందా? అయితే తేడా ఒక్క పేజీలోనే.

మూడోది: టెర్మినల్ నుంచే కొత్త యూజర్ అకౌంట్ ఒకటి తయారుచేసి, అందులో లాగిన్ అవ్వండి. అక్కడ బాగానే పనిచేస్తే లోపం మీ సొంత సెట్టింగ్స్ ఫైళ్లలో ఉన్నట్టే. అక్కడా కూలితే ప్యాకేజీనో, డ్రైవర్‌నో అనుమానించాలి. అప్పుడు కూడా ముందు అప్‌డేట్, తర్వాత ఆ ఒక్క ప్యాకేజీ రీఇన్‌స్టాల్. ఫార్మాట్ అన్నిటికన్నా ఆఖర్న.

మావాడికి సౌండ్ పేజీ తెరుచుకుంది. కూలుతున్నది డిస్‌ప్లే పేజీ ఒక్కటే. అప్‌డేట్ చేశాక అదీ దారికొచ్చింది. ప్రాజెక్టుకి ఏమీ కాలేదు.

ఇలా జల్లెడ పట్టడం ఎందుకంటే, మొదట అనుమానం వచ్చింది అసలు దొంగ కాకపోవచ్చు. 2018 ఫిబ్రవరి గుర్తుందా? ఐఓఎస్ 11.2.5 ఉన్న ఐఫోన్లలో ఒక తెలుగు అక్షరం వస్తే యాప్‌లు కూలిపోయాయి. ఆ అక్షరం 'జ్ఞా', మా ప్రజ్ఞాపూర్ పేరులో ఉన్నదే! తెలుగు అక్షరమే ఫోన్లను పాడుచేస్తోందన్నట్టు ప్రచారం జరిగింది. కానీ మామూలు 'జ్ఞా'తో ఇబ్బంది లేదు. 'జ్ఞ'కీ దీర్ఘానికీ మధ్యలో జీరో విడ్త్ నాన్ జాయినర్ అనే కంటికి కనపడని కోడ్ దూరితేనే గొడవ. 'ఫోన్‌లో' అని రాసేటప్పుడు 'న' కింద 'ల' ఒత్తు పడకుండా ఆపేది ఇదే కోడ్. బెంగాలీ, దేవనాగరి లిపుల్లో కూడా ఇలాంటి కూర్పులు కొన్ని యాప్‌లను కూల్చాయి. అంటే తప్పు మన లిపిది కాదు, అక్షరాల్ని తెరమీద పేర్చే ప్రోగ్రామ్‌ది. ఫిబ్రవరి 19న యాపిల్ 11.2.6 అప్‌డేట్‌తో దాన్ని సరిచేసింది.

ఏది ఉంటే కూలుతోంది, ఏది తీస్తే నిలబడుతోంది? ఈ రెండు ప్రశ్నలు వేసుకుంటూ పోతే చాలు. డెస్క్‌టాప్‌ని తెలుగులో వాడేవాళ్లయితే ఒకసారి ఇంగ్లిష్‌లోకి మార్చి కూడా చూడండి.

కారణం దొరికాక మీ పని అయిపోయిందని వదిలేయకండి, బగ్ రిపోర్ట్ రాయండి. ఏ లైనక్స్, ఏ వెర్షన్, ఏ పేజీ, ఏం నొక్కితే కూలింది, టెర్మినల్‌లో వచ్చిన చివరి లైన్లు... ఇవి చాలు. పంపేముందు అందులో పాస్‌వర్డ్‌లు, సొంత వివరాలు ఉంటే తీసేయండి. తెలుగులో వాడితేనే బయటపడే లోపాలు ఎక్కడో ఉన్న డెవలపర్ కంట పడవు. వాడేది మనం, కాబట్టి చెప్పాల్సింది కూడా మనమే.