పేపర్లో పడితే మనకు తెలిసినట్టేనా?

ట్రాయ్‌లో మనవాళ్లను ఎవరినైనా అడగండి: మీ మీద కోర్టులో కేసు పడితే ఎలా తెలుస్తుంది? "ఇంటికి కాగితం వస్తుంది కదా" అంటారు. రాకపోవచ్చు కూడా.

మనిషికి సమన్లు అందించడం కుదరలేదని జడ్జికి నమ్మకం కలిగితే, మిషిగన్ కోర్టు రూల్ 2.106 కింద పేపర్లో ప్రకటన వేయమనొచ్చు. వారానికోసారి, వరసగా 3 వారాలు. చివరిగా తెలిసిన అడ్రసుకు రిజిస్టర్డ్ పోస్టు కూడా పంపాలి. కానీ కాంట్రాక్టు అయిపోగానే ఇల్లు మారే మనకు ఆ కవరు దొరుకుతుందా? ఇలాంటి ప్రకటనలు వేసే డెట్రాయిట్ లీగల్ న్యూస్ 1895 నుంచీ ఉంది, ఆఫీసు ట్రాయ్‌లోనే. మనలో ఎంతమంది దాన్ని తిరగేశాం?

అడ్రసు తెలిసిన వాళ్లకు ఉత్త పేపర్ ప్రకటన సరిపోదని అమెరికా సుప్రీంకోర్టు 1950లోనే, ములేన్ కేసులో చెప్పింది. కాబట్టి గొడవంతా ఒక్కచోటే: మీ అడ్రసు అవతలివాళ్లకు తెలుసా, తెలిసీ దాచారా?

ఇంటి దగ్గరా ఇదే తంతు. అన్నదమ్ములు పొలం పంపకానికి దావా వేసి, మీరింకా ఊళ్లోనే ఉన్నట్టు రాశారనుకోండి. సివిల్ ప్రొసీజర్ కోడ్ ఆర్డర్ 5, రూల్ 20 కింద ప్రకటన అక్కడి దినపత్రికలో పడుతుంది. మీరిక్కడ షిఫ్టులో ఉంటారు, అక్కడ ఎక్స్‌పార్టీ డిక్రీ అయిపోతుంది.

అయినా దారి మూసుకుపోలేదు. ఇండియాలో ఆ డిక్రీ రద్దు చేయమని అడగడానికి 30 రోజులు. పేపర్ ప్రకటనను సరైన సమన్లుగా లిమిటేషన్ చట్టం 123వ ఆర్టికల్ ఒప్పుకోదు కాబట్టి, ఆ గడువు మీకు డిక్రీ సంగతి తెలిసిన రోజు నుంచే లెక్క. మిషిగన్‌లో కేసు సంగతి నిజంగా తెలియనివాళ్లు తుది తీర్పు తర్వాత ఏడాదిలోపు, తగిన కారణం చూపి అడగొచ్చు.

ఇల్లు మారితే 10 రోజుల్లో ఇమిగ్రేషన్‌కు చెప్పాలని మనందరికీ తెలుసు. ఆ ఫారం కోర్టుకు చేరదు. కేసేదైనా నడుస్తుంటే కోర్టుకు విడిగా చెప్పండి, పోస్టాఫీసులోనూ మార్పించండి. ఇండియా కేసుల కోసం ఈకోర్ట్స్ సైటులో మీ పేరు కొట్టి అప్పుడప్పుడు చూడండి. ఊళ్లో భూమి ఉంటే మీ ట్రాయ్ అడ్రసు అన్నదమ్ములకు వాట్సాప్‌లో పంపి, ఆ మెసేజ్ దాచుకోండి. తెలియదని రేపు వాళ్లు కోర్టులో చెబితే అదే మీ సాక్ష్యం.

మిషిగన్ జడ్జికి ప్రకటన ఒక్కటే దారి కాదు. మనిషికి నిజంగా తెలిసేలా మరో పద్ధతిలో సమన్లు పంపమనే అధికారం రూల్ 2.105 ఇస్తోంది. ఫోన్ నంబరు చేతిలో పెట్టుకుని పేపర్‌కెక్కే పద్ధతిని మనం ప్రశ్నించాలి.